చెత్త వెంట కొర్రమట్ట పిల్లలు

ఆ ఏడు తొలి వానలకే కల్వకుర్తి దగ్గర మా ఊరి చెరువు నిండింది. వాగు తన వెంట పత్తి కట్టె, మక్క చొప్ప, జమ్ము, ఎండుటాకులు ఊడ్చుకొచ్చింది. ఆ చెత్తంతా పెద్ద చాపలా తేలుతూ, గాలి ఎటు తోస్తే అటు పోయి, ఒడ్డున మోకాలి లోతు నీళ్లలో ఆగేది. వలలకు చుట్టుకుంటుందని బాపుకు దాని మీద కోపం. సర్కారు చేప పిల్లలను వదిలేలోపు గట్టుకు లాగి, ఎండాక కాలబెడదామని, చిన్నాయనతో కలిసి కొక్కేల కట్టెలు పట్టుకొచ్చాడు.

వారం రోజులుగా నేను ఆ చెత్తనే చూస్తున్నాను. డిగ్రీలో నాది జువాలజీ. ఖాళీ ఒడ్డున చిన్న పరక చేపలు తప్ప ఏమీ కనిపించేవి కావు. చెత్త కింద మాత్రం జెల్లలు, చిన్న రొయ్యలు, వాటి కోసం తిరిగే పెద్ద చేపలు! అన్నీ డైరీలో రాసుకున్నాను, ఎవరికీ చెప్పలేదు. ముందురోజు దాని అంచున ఎర్రగా ఏదో మసిలింది.

చిన్నాయన కొక్కెం ఎత్తాడు. నా నోట్లోంచి మాట ఊడిపడింది.

“ఆగుండ్రి! దాని కింద కొర్రమట్ట పిల్లలున్నయి.”

“ఓయమ్మ, గీ పిల్లకు నోరున్నది!” చిన్నాయన నవ్వాడు. “పుట్టినకాంచి చేపలు పడ్తున్నం. మాకు కనబడనియి నీ బుక్కుల కనబడ్డయా బిడ్డా?”

చెప్పులు విడిచి నీళ్లలోకి దిగాను. చున్నీ తీసి, చెత్త కిందుగా ముంచి, మెల్లగా లేపాను. చున్నీ నడుమ నిప్పు కణికల్లా, గోరంత కొరమీను పిల్లలు గిలగిలా కొట్టుకుంటున్నాయి! వెంటనే వదిలేశాను. తల్లి చేప నా కాలి పక్కనే బుడుంగుమంది.

“రేపు గాలి తిరిగితె చెత్త అవతలికి పోతది,” అన్నాడు చిన్నాయన, ఓటమి ఒప్పుకోకుండా. “నీ పిల్లలు గూడ దానెంబడి పోతయా?”

“పోతయి.”

“పొద్దుగాల జూద్దాం,” అన్నాడు బాపు. “ఆడ లేకుంటె కాలవెట్టుడే.”

తెల్లారేసరికి గాలి తిరిగింది. డైరీ చంకన పెట్టుకుని కట్ట మీద పరుగెత్తాను; బాపు, చిన్నాయన వెనకే వచ్చారు. చెత్త అవతలి ఒడ్డున తుమ్మచెట్ల కింద ఆగి ఉంది. నాకు వంగి చూసే ధైర్యం లేకపోయింది. బాపే వంగి, వేలితో అంచు లేపాడు.

“ఒరేయ్ తమ్మీ! ఈడనే ఉన్నయిరా, ఎర్రగ, గుంపుకు గుంపు!”

చిన్నాయన కట్టె భుజాన వేసుకుని, నా చంకలోని డైరీ వైపు చూశాడు. “సరే తీ, వలలు ఇంకో దిక్కు ఏసుకుందాం. ఇంకేమేం రాసినవే? జర సదువు, ఇందాం.”

గట్టు మీద నిలబడి, డైరీ తెరిచి, గట్టిగా చదివాను.