ముప్పై ఎనిమిదో నంబరు సంచి

హువాహిన్‌లో మా గోల్ఫ్ మైదానంలో లమ్‌దువాన్ అక్కకి పేరు లేదు. వీపు మీద నంబరుంది, ముప్పై ఎనిమిది. నాది నలభై ఒకటి. చలిదేశాల నుంచి ఎండ కోసం దిగే దొరల సంచీలు మోయడం, బంతులు తుడవడం, గడ్డి ఎటు వాలిందో చెప్పడం క్యాడీలమైన మా పని. దొర కొట్టిన దెబ్బ తప్పితే "గాలి తిరిగిందండీ" అనాలి. ఆడలేక మద్దెల ఓడన్నవాళ్ళకి ఆ మద్దెల మేమే. ఇరవై ఆరేళ్ళు అక్క నోరు మూసుకుని గాలినే తిట్టింది.

యాభై రెండో ఏట ఒక మధ్యాహ్నం, మా పాకలో బొప్పాయి సలాడ్ తింటూ, "ఏప్రిల్లో గోల్ఫ్ సెలవుకి వెళ్తున్నా" అంది.

"ఎవరి సంచి మోయడానికక్కా?" అన్నాను.

"మోయడానికి కాదే, ఆడడానికి. నువ్వూ వస్తున్నావు."

పాత క్యాలెండరు వెనక అంతా రాసిపెట్టుకుంది. ఊరు కాంచనబురి. ఏప్రిల్లో అక్కడ రాళ్ళు పగిలే ఎండ కాబట్టి దొరలుండరు, మైదానం ఖాళీ. వెళ్ళిపోతూ దొరలు వదిలేసిన కర్రలు తొమ్మిది పోగేసింది. అందులో ఒకటి ఎడంచేతి వాటానిది. చిరిగిన గుడారం గుడ్డతో తనే సంచి కుట్టింది. పొద్దువాలి దొరలు వెళ్ళాక రోజూ అభ్యాసం.

మా క్యాడీల పెద్ద సోంపోప్‌కి ఇది తెలిసి పాకలోకే వచ్చాడు.

"ఏమే ముప్పై ఎనిమిదీ, దొరసానివయ్యావంట! ఆటలో పద్ధెనిమిది గుంటలూ పూర్తయ్యేలోగా పరాయివాళ్ళ సంచి నీ భుజానికెక్కకపోతే నన్నడుగు. మోతమరిగిన భుజమది."

"ఎక్కితే?"

"తిరిగొచ్చి అందరి ముందూ క్యాడీ క్యాడీయేనని చెప్పు."

"చెప్తా. ఎక్కకపోతే నన్ను పేరు పెట్టి పిలవాలి నువ్వు."

అతను నవ్వి సరేనన్నాడు. పేరు అడగడమంటే అంత నవ్వొచ్చే పనా? నాకు ఒళ్ళు మండింది.

కాంచనబురిలో నది మీద తేలే తెప్పగదిలో దిగాం. పొద్దున్నే నీళ్ళలో కాళ్ళు వేలాడేసి, కాల్చిన కోడీ జిగురన్నమూ తిన్నాం. ఎవరికీ ఏమీ అందించక్కర్లేదు. అదే పెద్ద సుఖం.

మైదానం దగ్గర గుమాస్తా పేరు రాయమని కార్డిచ్చాడు. అక్క రాసింది చూసి, "పేరండీ, నంబరు కాదు" అన్నాడు. అక్క ముఖం ఎర్రబడింది. 38 కొట్టేసి, పక్కన లమ్‌దువాన్ అని పెద్దక్షరాలతో రాసింది.

ఎండకి జడిసి క్యాడీలు రాలేదట, మా ఇద్దరికీ కలిపి ఒక్కతే దొరికింది. నూట పన్నెండు. మా ఈడుదే. రెండో గుంట దగ్గర అక్క బంతి పొదల్లోకి పోయింది.

"గాలి తిరిగిందండీ" అంది నూట పన్నెండు.

"గాలీ లేదు, గాడిదగుడ్డూ లేదు. వంకరగా కొట్టింది నేను!" అని అక్క పకపకా నవ్వింది. "నీ పేరేంటమ్మా?"

"నూట పన్నెండండీ."

"అది నీ చొక్కాది. నీ పేరడిగాను."

"మలివాన్" అందావిడ, ఎవరైనా వింటారేమోనని చుట్టూ చూసుకుంటూ.

ఇసుక గుంటలో అడుగుల గుర్తులు చెరపడానికి నా చెయ్యి తనంతట తనే దువ్వెనకర్ర అందుకుంది. "వదలవే దాన్ని! సెలవులో ఉన్నాం" అని కసిరింది అక్క.

పదహారో గుంట దగ్గర మలివాన్‌కి కళ్ళు తిరిగాయి. నీడలో కూర్చోబెట్టి, నీళ్ళు తాగించి, తడిగుడ్డ వేశాం. కాస్త తేరుకుని ఆవిడ మళ్ళీ సంచి మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి తీసేసి అక్క సంచిని తన భుజాన వేసుకుంది.

"అక్కా, పందెం!" అన్నాను.

"ఏం పందెమే? వాడన్నది పరాయివాళ్ళ సంచి. ఇది నేను కుట్టుకున్నది."

"పైవాళ్ళు చూస్తే నా పని పోతుందండీ" అంది మలివాన్.

"ఎవడొస్తాడో రానీ, నేను చెప్తా. నువ్వు గొడుగు పట్టుకుని పక్కన నడు."

అలాగే ముగ్గురం పద్ధెనిమిదో గుంట దాకా నడిచాం. అక్క ఆట అంత గొప్పగా లేదు. కానీ ఆఖరి బంతి గుంటలో పడ్డప్పుడు మలివాన్ కూడా కేకేసింది.

తిరిగొచ్చాక, కొట్టివేత ఉన్న ఆ కార్డుని అక్క మా నంబర్ల పట్టిక మీదే అంటించింది. సోంపోప్ చూశాడు.

"మోశావా లేదా?"

"మోశాను. నాదే."

మర్నాడు దొరలు దిగాక అతను కేకేశాడు, "ముప్పై ఎనిమిదీ!" అక్క కదలలేదు. రెండోసారీ కదలలేదు. దొర గడియారం చూసుకుంటున్నాడు.

"లమ్‌దువాన్!"

"ఆఁ, వస్తున్నా" అని లేచింది అక్క.

"నలభై ఒకటీ!" అని అరిచాడు తరవాత. నేను తీరిగ్గా బొప్పాయి నములుతూ కూర్చున్నాను. నా పేరు చంతనా.