మగ్గం మీద మందు సీసా

దగ్గు మందును మీరు మందు కింద జమకడుతున్నారా, షర్బతు కిందా?

2021 వేసవిలో నేను సూరత్‌లోని లింబాయత్‌లో ఒక ధర్మ డిస్పెన్సరీలో సీనియర్ ఫార్మసిస్టుని. మందు రాయడం మెడికల్ ఆఫీసరు పని. మోతాదు సరిచూసి ఇవ్వడం నా పని. చీటీ లేకుండా అమ్మే మందులకైతే అడిగేవాడినీ ఆపేవాడినీ నేనే.

ఒక ఉదయం రాజమల్లు ఖాళీ సీసాతో కౌంటరు ముందుకొచ్చాడు. జగిత్యాల వైపు మనిషి, పవర్‌లూమ్ కార్మికుడు.

"సార్, గిసొంటిదే ఇంకోటియ్యుండ్రి. మంచిగ పనిజేస్తుంది. పొద్దుగాల వాంతయింది, కఫమంత ఎల్లిపోయింది."

ఈ నమ్మకంతో నేను ఉద్యోగమంతా పోట్లాడాను. ఈ మందు మోతాదు మించితే కడుపు తిప్పి వాంతవుతుంది. అది గుణం కాదు, హెచ్చరిక.

సీసాలో ఉన్నది గ్వైఫెనసిన్ ఒక్కటే. ఛాతీలో పట్టిన కఫాన్ని పలచబరుస్తుంది, అంతే; జబ్బును నయం చేయదు. ఐదు మిల్లీలీటర్లలో వంద మిల్లీగ్రాములుంటుంది. పెద్దవాళ్లు ఒకసారికి పది నుంచి ఇరవై మిల్లీలీటర్లు, అవసరమైతే నాలుగు గంటలకోసారి తీసుకోవచ్చు. రోజు మొత్తానికి నూట ఇరవై మిల్లీలీటర్లు దాటకూడదు. వేరే మందులు కలిసిన సిరప్‌కు ఈ లెక్క చెల్లదు.

ఎన్ని సీసాలయ్యాయని అడిగాను. రెండు రోజుల్లో నాలుగన్నాడు. ఒక్కో సీసా వంద మిల్లీలీటర్లు.

"కొలిచి తాగుతున్నావా?"

"మగ్గం కాడ కొలతేంది సార్? దగ్గొస్తే రెండు గుటకలు."

"నాలుగూ నువ్వొక్కడివే తాగావా?"

"ఏంది సార్, పోలీసోళ్ల లెక్క అడుగుతున్నరు," అని నవ్వబోయి ఆగిపోయాడు.

అప్పుడు అసలు సంగతి బయటపడింది. ఒకే మగ్గాలను పగలొకరు, రాత్రొకరు నడిపే ఇద్దరిని అక్కడ జోడి అంటారు. పాళీ, అంటే షిఫ్టు, మారేటప్పుడు తంబాకు డబ్బా, దువ్వెన మగ్గం దగ్గరే వదిలి వెళ్తారు, రెండోవాడు వాడుకుంటాడు. మందు సీసానూ అట్లాగే వదిలారు. ఇద్దరూ మూతి పెట్టి తాగారు. ఎవరెంత తాగారో ఇద్దరికీ తెలియదు. కరోనా కాలంలో ఆ సీసా మందుతోపాటు రోగాన్నీ పంచి ఉంటుంది.

"నా జోడి సత్తయ్య నిన్నటి సంది రూములనే పండుకున్నడు. జరం. మాట్లాడితె దమ్మొస్తుంది. మగ్గాల సేఠ్‌కు ఎరుకైతే ఇద్దర్ని ఎల్లగొడ్తడని చెప్పలే సార్."

సిరప్ ఇవ్వలేదు. మెడికల్ ఆఫీసరుకు చెప్పాను. ఆయన వెంటనే అంబులెన్సు పంపారు. సత్తయ్యకు కరోనాతో ఆక్సిజన్ బాగా పడిపోయిందని, ఇంకో రోజు ఆగితే కష్టమయ్యేదని ఆసుపత్రి వాళ్లన్నారు. రాజమల్లుకూ పరీక్షలో కరోనా తేలింది, కాని ఇంట్లోనే తగ్గింది. మూడు వారాలకు ఇద్దరూ కలిసి వచ్చారు.

"ఇగ వీని సీసా ముట్ట సార్," అన్నాడు సత్తయ్య.

"నా సీసా ముట్టవట్టే కదరా పట్టుబడ్డవ్, బతికినవ్," అన్నాడు రాజమల్లు.

సత్తయ్య నాకు దండం పెట్టాడు. నేను వద్దన్నాను. పని పోతుందన్న భయం ఉండి కూడా నిజం చెప్పింది రాజమల్లు. ఆ నిజానికి నేను ఇప్పటికీ కృతజ్ఞుణ్ణి. అది లేకపోతే నా లెక్క సగంలో ఆగిపోయేది.

ఆ రోజు నేను నేర్చుకున్నది ఒకటే. ఎంత తాగారని అడిగితే చాలదు, ఎవరెవరు తాగారని కూడా అడగాలి. మీరూ అడగండి. జ్వరంతో ఆయాసపడేవాళ్లను, వారం దాటినా దగ్గు తగ్గనివాళ్లను ఇంకో సీసాతో సరిపెట్టకండి. లేవండి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.