టెండర్ డబ్బాకు పసుపు పెట్టొచ్చిన

వదినా, ముందు నా గోర్లు చూడుండ్రి. నవ్వకుండ్రి, చూడుండ్రి అంతే. గీ పసుపు పచ్చదనంతోనే నాకు బస్టాండ్ల దుకాణం గాళా వచ్చినట్టే వచ్చి పోబోయింది. చాయ్ తాగుకుంట వినుండ్రి, నేను జల్ది జల్ది చెప్త, కడుపుల ఆగుతలేదు.

మీకెరికే కదా, నాలుగేండ్ల సంది రాజురా బస్టాండ్ గేటు బయట గంప పెట్టుకొని సకినాలు, గారెలు, సర్వపిండి అమ్ముతున్న. ఎండను ఎట్లనో ఓర్చుకుంట. వానతోనే నా లొల్లి. పోయిన వానకాలం ఒక్క జల్లుకు గంపెడు సకినాలు మెత్తబడి ముద్దయినయి. అత్త, నేను ఇద్దరం నడుములు పడిపోయేదాక కూసొని చుట్టినయి అవి. ఆ రోజు గేటు కాడనే కూసొని ఏడ్చిన. అప్పటిసంది ఒకటే పట్టు పట్టిన, మళ్ల వాన పడేలోపల నాకు నెత్తిమీద కప్పు కావాలె. లోపల దుకాణం గది, గాళా కావాలె. అది గూడ మూడో నంబర్ గాళానే. ఎందుకంటే ఆదిలాబాద్ దిక్కు పోయే బస్సు సక్కగ దాని ముందటనే ఆగుతది. అందుల ఎక్కేటోళ్లు, దిగేటోళ్లు సగం మంది మన తెలుగోళ్లే. సకినం కనవడితే వాళ్ల కాళ్లు ఇటే తిరుగుతయి.

గీ ఎండకాలంల బోర్డు మీద నోటీస్ వడ్డది. రెండు గాళాలు కిరాయికి ఇస్తమని, రెండో నంబర్, మూడో నంబర్. ఇప్పుడంత ఆన్‌లైన్ అంటరు గని చిన్న గాళాలకు ఇంక డబ్బానే పెడ్తరు. కాయితం మీద ఏ గాళా కావాలెనో, ఎంత కిరాయి ఇస్తమో రాసి, లిఫాఫాల పెట్టి, అంటుపెట్టి, చంద్రపూర్ ఆఫీసుల ఉన్న రేకు డబ్బాల వెయ్యాలె. ఎవరు ఎక్కువ రాస్తె వాళ్లకు గాళా. నేను మరాఠీ బడిల చదివిన్నాయె, మరాఠీల ఉన్న నోటీస్ మొత్తం నేనే చదివిన. మా ఆయనకు రెండుసార్లు చదివి వినిపించిన. అందుల సాఫ్‌గ రాసి ఉంది, లిఫాఫా మీద పేరు గని, గుర్తు గని, ఏ నిషాని గని ఉండొద్దు, ఉంటే రద్దు. తెల్వక చేసిన అనేటందుకు గూడ నాకు మొకం లేదు వదినా.

ఇగ లిఫాఫా వేసే రోజు పొద్దున తానం చేసి, కొత్త చీర కట్టుకొని, లిఫాఫా పట్టుకొని వాకిట్లకొచ్చిన. అత్త అడ్డం నిలవడ్డది.

"గిట్లనే పోతున్నవా? ఉత్త తెల్ల కాయితమా?"

"గిట్లనే ఇయ్యాలె అత్తా. గుర్తు ఉండొద్దంట."

"పెండ్లి కార్డుకు నాలుగు మూలల పసుపు పెట్టనిది చుట్టాలకు గూడ ఇయ్యం. మన బతుకుదెరువు కాయితం సావు కబురు లెక్క ఉత్తగ పంపుతవా?"

నిజమే అనిపించింది. రెండు నిమిషాల కిందటిదాక నియమాలు చెప్పిన మనిషిని, గప్పుడేమనుకున్ననో తెలుసా? గుర్తంటే గీత గీసుడు, సంతకం పెట్టుడు. పసుపు గుర్తెట్లయితది, పసుపు పసుపే కదా. జరంత చిన్న చుక్క పెడితే ఎవరికి కనవడ్తదని అనుకున్న.

చిన్న చుక్కనే పెట్టేదాన్ని. గని అత్త అప్పటికే గిన్నెల కలిపి తయారుగ పెట్టింది. నీళ్లు పోస్తె ఎండి రాలిపోతదని నువ్వుల నూనె పోసి కలిపింది. గడపకు పూసేంత కలిపింది. నా బొటనవేలు పట్టుకొని గిన్నెల ముంచి, నాలుగు మూలలకు తనే ఒత్తించింది. దాని మీద కుంకుమ. బట్టలకు అంటుతదేమోనని నేను లిఫాఫాను పాలిథిన్ కవర్ల పెట్టి, మూతి గట్టిగ ముడేసి, ఒళ్లె పెట్టుకొని బస్సెక్కిన. ఎండ మండిపోతుంది. లోపల ఆ నూనెకు ఇంక చల్లగాలి ఏడికెళ్లి తగుల్తది?

చంద్రపూర్ ఆఫీసుల డబ్బా కాడ కవర్ విప్పిన. అది లిఫాఫా కాదు వదినా. మిరపకాయ బజ్జీలు కట్టిచ్చిన పేపర్ లెక్క అయింది. నూనె ఇటుకెళ్లి అటు దిగింది, పసుపు అంచులకెళ్లి నడిమిట్లకొచ్చింది. ఉరికిపోయి ఇంకో లిఫాఫా కొనుక్కొద్దామా అంటే వెనక మంది నిలబడ్డరు, టైమ్ అయిపోవస్తుంది. మొకం పక్కకు తిప్పి డబ్బా సందుల దూర్చిన. సగం పోయి ఇరుక్కున్నది. బొటనవేలుతోని ఒత్తి ఒత్తి లోపలికి తోసిన. అది పడ్డది గని, సందు అంచులకు ముద్ద ముద్ద పసుపు అంటుకున్నది.

నా వెనక వామన్‌రావ్ కాకా. ఆయన ఖారీ, బిస్కెట్లు అమ్ముతడు, ఆయనకు గూడ గాళానే కావాలె. తెల్లటి లిఫాఫా ఎంత భద్రంగ పట్టుకొచ్చిండో. అదే సందుల వేసిండు. ఆయన వెనక ఇంకో ఐదుగురు వేసిన్రు. నేను గోడ కాడ నిలబడి చూస్తున్న. ఒక్కొక్క లిఫాఫా తెల్లగ పోతుంది, అంచు పచ్చగ చేసుకొని లోపలికి జారుతుంది.

మధ్యాహ్నం సాహెబ్ వచ్చిండు. ఇస్త్రీ చేసిన తెల్ల అంగీ. అందరం బెంచీల మీద కూసున్నం. డబ్బా తాళం తీసి లోపల చెయ్యి పెట్టిండు. చెయ్యి బయటికి తీస్తె ఏడు లిఫాఫాలు ఒక్కదానికొకటి అతుక్కొని కట్టలెక్క వచ్చినయి. అన్నీ పచ్చగనే ఉన్నయి. వాటికెళ్లి నూనె ఒక చుక్క సాహెబ్ అంగీ చేతి మీద పడ్డది. అందరు కండ్లు పెద్దగ చేసి చూస్తున్నరు.

"హే కాయ్ ఆహే?" ఇదేందని మెల్లగ అడిగిండు. మెల్లగ అడిగితెనే నాకు ఎక్కువ భయమైంది. "పసుపు ఎవరు పెట్టిన్రు? గుర్తున్న లిఫాఫా రద్దు."

నేను చేతులు కొంగు కింద దాచుకున్న. పక్కన ఉన్న క్లర్కు గొంతు సవరించుకొని, "సాబ్, రద్దంటే అన్నీ రద్దే. మళ్ల నోటీస్, మళ్ల మొదటికెళ్లి. వానకాలం దాటిపోతది" అన్నడు.

వానకాలం. ఆ ఒక్క మాట చాలు నాకు. నా గాళా పోయింది, నా మూలంగ ఈ ఆరుగురివి గూడ పోతున్నయి. పాపం తగుల్తదనిపించింది. ఒప్పుకుందామని లేచిన. "సాబ్, అది ఏమైందంటే..." అన్న. నా నోట్ల మాట నోట్లనే ఉన్నది, అందరు ఒక్కసారే లేచిన్రు. మాది కాదంటే మాది కాదని ఒకటే గడబిడ. వామన్‌రావ్ కాకా అయితే దేవుని మీద ఒట్టేసి, నాది పాల లెక్క తెల్లగ ఉండె అని అరుస్తుండు. సాహెబ్ బల్ల మీద కొట్టిండు.

"అందరు కూసోండ్రి. తాయి, మీరు గూడ. బసా."

తప్పు ఒప్పుకునేటందుకు లేస్తే తాయి అని, అక్కా అని కూసోబెట్టిన్రు వదినా. కూసున్న.

సాహెబ్ ఏడు లిఫాఫాలను అటుతిప్పి ఇటుతిప్పి చూసిండు. "ఒక్కదానికి ఉంటే అది గుర్తు. అన్నింటికి ఒక్కతీరుగ ఉంటే ఏది ఎవరిదో నాకెట్ల తెలుస్తది? తెల్వకుంటే అది గుర్తే కాదు. తెరువుండ్రి." గట్లనే రాసి అందరితోని దస్కత్ పెట్టించిండు. నాకు ఆయన కాళ్లు మొక్కాలనిపించింది.

తెరుచుకుంట వచ్చిన్రు. రెండో గాళాకు వామన్‌రావ్ కాకా ఎక్కువ రాసిండు. మూడో గాళా వంతు వచ్చినప్పుడు నా కాయితం తీసిన్రు. అది నూనెకు అద్దం లెక్క అయింది, వెనక నిలబడ్డ ప్యూన్ గూడ అటుదిక్కుకెళ్లి చదువుకోవచ్చు. సాహెబ్ వేలు కొసలతోని పట్టుకొని చదివిండు. నా పేరు, అందరికన్న ఎక్కువ కిరాయి! వదినా, ఆ గాళా నాదే అయింది. నేను ఏడుస్తున్ననో నవ్వుతున్ననో నాకే తెల్వదు.

"తాయి, ఇటు రండ్రి. కరార్ కాయితం మీద దస్కత్ చెయ్యుండ్రి."

సంతోషంల ఉరికిపోయి పెన్ను అందుకున్న. గప్పుడు యాదికొచ్చింది, కొంగు కిందికెళ్లి చెయ్యి బయటికొచ్చింది. బొటనవేలు మొత్తం పచ్చగ, గోరు సందుల కుంకుమ. సాహెబ్ నా వేలు చూసిండు, తన అంగీ చేతి మీద మరక చూసుకున్నడు, మళ్ల నా వేలు చూసిండు. పెన్ను మెల్లగ నా చేతిలకెళ్లి వాపస్ తీసుకున్నడు. నా పానం పోయింది.

"నల్లా ఆ మూలకున్నది," అన్నడు. "సబ్బు గూడ ఉన్నది. ముందు చేతులు కడుక్కొని రండ్రి."

మూడుసార్లు కడిగిన. పోలే, పచ్చ వేలుతోనే దస్కత్ పెట్టిన.

ఇంటికొచ్చి చెప్తే అత్త ఏమన్నదనుకున్నరు? "చూసినవా, పసుపు పెడితేనే వచ్చింది" అన్నది. మొన్న గాళా తెరిచినం, గడపకు మళ్ల గిన్నెడు కలిపింది. పోవస్తున్న పచ్చదనం మళ్ల మొదటికొచ్చింది. నిన్ననే ఆఫీసోళ్లు కొత్త నోటీస్ పంపిన్రు. ప్యూన్ వచ్చి బస్టాండంత తిరిగి, వేరే జాగ దొరకనట్టు సక్కగ నా గాళా స్తంభానికే అంటుపెట్టిండు. టెండర్ లిఫాఫాలకు పసుపు, కుంకుమ, నూనె పెట్టరాదని.

ఇగ ప్యాసింజర్లు అది చదువుడు, నవ్వుడు, నన్నే అడుగుడు. గిట్ల చేసిందెవరక్కా అని. "ఎవరో మతిలేని మనిషయి ఉంటది అన్నా, సకినాలు ఎన్ని కట్టాలె?" అంటున్న. పక్క గాళాల వామన్‌రావ్ కాకా ఉత్తుత్తగ దగ్గుతుంటడు.

మరి గోర్లు కనవడితే దొరికిపోత కదా. అందుకే ఇయ్యాల పొద్దటికెళ్లి చేతికి ప్లాస్టిక్ తొడుగు వేసుకొని అమ్ముతున్న. వచ్చినోళ్లంత ఇంత శుభ్రంగ అమ్మే దుకాణం జిల్లాలనే లేదని మెచ్చుకుంట పోతున్నరు.