అరుపుపడి వారాలు

మా చెల్లెలు పాడుతుంటే వింటున్నవాళ్ళు మధ్యలో నా వైపు తిరిగి, "మీరూ పాడేవారట కదా" అంటారు. సొంత చెల్లెలు కాదు, మా చిన్నాన్న కూతురు. నాకన్నా రెండేళ్ళ నాలుగు నెలలు చిన్నది. నేను తలాడించి ఊరుకుంటాను. ఇంటికొచ్చాక ఆ రోజు తేదీ కింద, అన్నది ఎవరో కూడా రాసుకుంటాను.

తమిళనాట ధర్మపురిలో ఒక పట్టుగూళ్ళ సొసైటీలో ఇద్దరం ఒకే నెలలో ఉద్యోగంలో చేరాం. కారిమంగళం, పాపారపట్టి వైపు రైతులు తెల్లవారక ముందే గూళ్ళ మూటలతో వచ్చేవాళ్ళు. కాటా దగ్గర ఒకరు నిలబడి మూట నంబరు, తూకం గట్టిగా అరిచి చెప్పాలి. ఎనిమిది అడుగుల దూరంలో బల్ల ముందు కూర్చున్నవాళ్ళు రాసుకోవాలి. పైన రేకుల కప్పు, పక్కనే వేలంపాట గోల, గాలి నిండా పట్టు నూగు. ఉదయం ఏడు నుంచి మధ్యాహ్నం రెండు దాకా, రోజుకు రెండు వందల మూటలకు తక్కువ ఉండేవి కావు. అరిచేవాళ్ళకు వారానికి పదిహేను రూపాయలు అదనం. కాగితాల మీద దాని పేరేదో ఉండేది. మేమంతా అరుపుపడి అనేవాళ్ళం. మా వైపు భత్యాన్ని పడి అంటారు. ఒక వారం నేను అరిస్తే ఆమె రాయాలి, మరుసటి వారం ఆమె అరిస్తే నేను రాయాలి. అదీ ఏర్పాటు.

సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర దాకా ఇద్దరం సంగీతానికి వెళ్ళేవాళ్ళం. మా గురువుగారు వయొలిన్ విద్వాంసులు. బస్టాండు వెనక వీధిలో ఒక చిన్న ఇంట్లో పాఠం చెప్పేవారు. మిగతా శిష్యులంతా తమిళం వాళ్ళు. కీర్తనలేమో తెలుగు. ప్రతి చరణానికీ వాళ్ళు అర్థం మమ్మల్ని అడిగేవాళ్ళు, మేము గొప్పగా చెప్పేవాళ్ళం. చదవడం మాత్రం మాకూ రాదు. తమిళ అక్షరాల్లోనే, క ఖ గ ఘలకు గుర్తుగా పైన ఒకటి రెండు మూడు నాలుగు అంకెలు వేసుకుని రాసుకునేవాళ్ళం. తెలుగు లిపి నేను నేర్చుకున్నది ఉద్యోగం అయిపోయాకే.

సంగీతంలో నేను ఆమెకన్నా ఎనిమిది నెలల ముందు చేరాను. నా గొంతు కింది స్థాయిలోనూ పై స్థాయిలోనూ ఒకే బరువుగా ఉంటుందని గురువుగారు అన్నారు. ఆమెతో, సాధన చేస్తే వస్తుందన్నారు. రెండు మాటలూ ఒకే సాయంత్రం అన్నారు, నేను పక్కనే ఉన్నాను.

రెండో ఏడు నుంచి ఆమెను చిన్న చిన్న కచేరీలకు పిలవసాగారు. గుడిలోనో, పెళ్ళిలోనో.

"అక్కా, ఈ వారం నా అరుపు నువ్వు తీసుకుంటావా? శనివారం పాడాల. గొంతు దాచుకుంటాను" అంది ఒక సోమవారం.

"పడి?"

"పడి కూడా నువ్వే తీసుకో. నాకెందుకు?"

అప్పుడు నేను చెట్టికరై రోడ్డు పక్కన ఒక స్థలానికి వాయిదాలు కడుతున్నాను. మా ఆయనకు మిల్లులో పని ఒక నెల ఉంటే రెండు నెలలు ఉండేది కాదు. సరేనన్నాను. తర్వాతి నెల మళ్ళీ అడిగింది, మళ్ళీ సరేనన్నాను. ఆ తర్వాత నేనే అడిగేదాన్ని, ఈ వారం కచేరీ ఏమైనా ఉందా అని. మూడేళ్ళలో నా వారాలు కాక, ఆమెవి అరవై ఒక్క వారాలు నేను అరిచాను.

గొంతు ఒక్కసారిగా పోలేదు. ముందు సాయంత్రాలు బొంగురుపోయేది, పొద్దున్నకు తేరుకునేది. తర్వాత పొద్దున్న కూడా తేరుకోలేదు. గురువుగారు నన్ను దిద్దడం మానేశారు, అంతే. ఆమెను మాత్రం ఒక్క పంక్తికి పదిసార్లు ఆపి దిద్దేవారు. దిద్దించుకునేవాళ్ళను చూసి అసూయపడటం అప్పుడే మొదలైంది.

రేడియోలో పాడటానికి అర్హత పరీక్షకు ఇద్దరం ఒకే బస్సులో వెళ్ళాం. పై షడ్జం దగ్గర నా గొంతు చీలింది. ఆమె నెగ్గింది. ఇంకో ఏడేళ్ళు ఉద్యోగమూ పాటా రెండూ లాగి, పదకొండో ఏట ఉద్యోగం వదిలేసింది.

"నెల జీతం ఎవురైనా వదులుకుంటారా? పిచ్చి పట్టిందా నీకు?" అన్నాను.

"పొద్దంతా నూగులో కూర్చోని సాయంత్రం పాడాలంటే ఒళ్ళు లేస్తాలేదక్కా. పోతే పోనీ. నువ్వుండావు కదా, ఒక ముద్ద పెట్టకపోతావా?"

పెట్టేదాన్నే. ఆమె వచ్చి అడగాలని ఎదురు కూడా చూశాను. రెండుసార్లు బియ్యానికి వచ్చింది. ఆ రెండు రోజులూ నేను బాగా నిద్రపోయాను. మూడోసారి రాలేదు.

ఇప్పుడు నాకు సొంత ఇల్లు ఉంది, రెండు వాటాల అద్దె వస్తుంది. ఆమెకు మేడ మీద ఒక అద్దె గది, పదిహేడు మంది శిష్యులు. ఎలా కూడినా నాదే ఎక్కువ. కానీ ఆమె గది మెట్ల కింద పదిహేడు జతల చెప్పులు చూసినప్పుడల్లా నేను చెప్పులు విప్పకుండానే వెనక్కి వచ్చేస్తాను.

ఏటా గురువుగారు పోయిన తిథినాడు శిష్యులంతా చేరి పాడతారు. అందరికన్నా ముందు చేరినవాళ్ళు మొదటి కీర్తన ఎత్తుకోవాలి, అది ఆయన ఇంటి పద్ధతి. ఉన్నవాళ్ళలో ముందు చేరింది నేనే. పంతొమ్మిదేళ్ళుగా నేను వెళ్ళలేదు. సొసైటీలో సరుకు తనిఖీ అన్నాను, మోకాలు అన్నాను. నేను లేనప్పుడు ఆమె ఎత్తుకునేది. ఈ ఏడు ఆమే ఇంటికొచ్చి కూర్చుంది.

"ఈ తూరి నువ్వే ఎత్తుకోవాల."

"నా గొంతు సంగతి నీకు తెలీదా?"

"తెలుసు. అయినా నీ పాట ఎన్నేండ్లు నేను పాడేది? ఒకరి వంతు ఇంకొకరు ఎత్తుకోని మోస్తే బరువుగా ఉండాదక్కా."

ఆ మాటకు కోపం వచ్చింది. అరవై ఒక్క వారాలు మోసింది నేను. పైకి మాత్రం వస్తానన్నాను. వెళ్ళి నోరు తెరవలేకపోతే, ఇక ఎవరూ నన్ను ఆయన శిష్యురాలని అనరు. వెళ్ళకపోతే కనీసం పాడగలనేమోనన్న అనుమానం మిగులుతుంది. మూడు రోజులు ఇదే ఆలోచించాను. నాలుగో రోజు పట్టుచీర కట్టుకుని వెళ్ళాను.

శ్రుతిపెట్టె మోగుతోంది. కూర్చోగానే తెలిసింది. ఆమె ఎప్పుడూ అయిదు శ్రుతిలో పాడుతుంది. పెట్టె మూడులో ఉంది.

"దీన్ని ఎవురు దించినారు?" అన్నాను మెల్లగా.

"నేనే. నాకు ఇప్పుడు పైకి ఎక్కదులే."

అబద్ధం. పోయిన నెల పాడింది శిష్యులు ఫోన్లో పెడితే విన్నాను, అయిదే. నా కోసం దించింది. లేచి వెళ్ళిపోవచ్చు. ఎక్కించమనీ అనవచ్చు. రెండూ చేయలేదు. మూడులో ఎత్తుకున్నాను. కల్యాణిలో కీర్తన. పల్లవి నిలబడింది. పై షడ్జం దగ్గర జీర వచ్చింది, కానీ చీలలేదు. చరణం దాకా పాడి ముగించాను. గదిలో ఎవరూ నావైపు జాలిగా చూడలేదు. ఒక్కొక్కరినీ చూశాను.

పెట్టె మళ్ళీ ఎక్కిస్తే దించింది నా కోసమేనని అందరికీ తెలుస్తుందని కాబోలు, రెండు గంటలూ ఆమె మూడులోనే పాడింది. కింది స్వరాలు ఆమెకు అందలేదు. ఊపిరి వచ్చేది, నాదం వచ్చేది కాదు. శిష్యులు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. నాకు సంతోషం వేసింది. ఆమె చేసిన మేలు తెలిసి కూడా వేసింది. అది అబద్ధమని రాయలేను.

మర్నాడు పొద్దున ఫోన్ చేసింది. గాలి తప్ప మాట లేదు.

"గొంతు... కట్టుకునింది అక్కా. సాయంత్రం పిల్లోళ్ళు వస్తారు."

"నాలుగు రోజులు నోరు తెరవాకు. వేన్నీళ్ళు తాగు."

"నువ్వొచ్చి చెప్పు. అలంకారాల పాఠమే."

"పడి ఎంతిస్తావు?"

ఫోనులో నవ్వు వినిపించింది, గాలిగా. "పదిహేను."

నాలుగున్నరకు వెళ్ళాను. మెట్ల కింద చెప్పులు విప్పి, అప్పటికి వచ్చిన తొమ్మిది జతల పక్కన పెట్టాను. శ్రుతి మూడుకు దించి, స్వరాలు గట్టిగా చెప్పాను. ఎనిమిది అడుగుల అవతల గోడకానుకుని, ఒళ్ళో నోటుపుస్తకం పెట్టుకుని, ఎవరు ఎక్కడ తప్పారో ఆమె రాసుకుంది. పిల్లలు నా నోటి నుంచి స్వరం తీసుకుని, అది సరిగ్గా వచ్చిందో లేదో తెలుసుకోవడానికి ఆమె వైపు చూశారు. ప్రతిసారీ ఆమె వైపే చూశారు. ఆరు దాకా చెప్పాను. రేపు కూడా రమ్మని ఆమె నోటుపుస్తకంలో రాసి చూపించింది. నాలుగింటికే వస్తానన్నాను.