మంగళవారం ఫోటోలు

నలుగురిని నవ్విద్దామని అన్న మాట ఒకటి నాలో కుళ్ళిపోయి ఇన్నేళ్ళుగా అలాగే పడి ఉంది. ఎవరికీ చెప్పలేదు. నన్ను ఎరిగినవాళ్ళకి చెబితే అదీ జోకే అనుకుంటారు. మీరు నన్ను ఎరగరు. అందుకే మీకు చెబుతున్నాను.

రెండువేల నాలుగులో తాడేపల్లిగూడెంలో నాకో చిన్న నెట్ సెంటరు ఉండేది. అందులోనే ఒక జిరాక్సు మిషను. నేను చదివింది ఎనిమిదో తరగతి, అదీ సగం. నోరు మాత్రం డిగ్రీ పాసయింది. చిన్నప్పటి నుంచి ఆకాశమంటే పిచ్చి. ఆ జనవరిలో అమెరికావాళ్ళు అంగారకుడి మీద స్పిరిట్, ఆపర్చునిటీ అని రెండు మరబండ్లు దింపారు. అవి తీసి పంపే ఫోటోలు నెట్‌లో రోజూ తెరిచి చూసేవాణ్ణి. కింద ఇంగ్లీషులో ఏం రాశారో మాత్రం తెలిసేది కాదు.

తెలిసేలా చేసింది కామేశ్వరిగారు. పురోహితుల కుటుంబం. ఒక ఆఫీసులో టైపిస్టు. కుజదోషం ఉందని ముప్ఫై నాలుగేళ్ళొచ్చినా పెళ్ళి కాలేదు. అన్నావదినల దగ్గర ఉండేవారు. మొదటిసారి వచ్చినప్పుడే, "ఏవండీ, కుజుడి ఫోటో ఒకటి ప్రింటు తీసివ్వండి. నా పెళ్ళి ఆపినాయన మొహం ఎలా ఉంటుందో చూడాలి కదండీ," అన్నారు. నన్ను మించిన నోరు ఎదురవడం అదే మొదలు.

ఆ తర్వాత ప్రతి మంగళవారం ఆఫీసయ్యాక వచ్చేవారు. మంగళవారమే ఎందుకంటే, "ఆయన వారం కదండీ," అనేవారు. అప్పట్లో నెట్ బాగా నెమ్మది. ఫోటో పైనుంచి చారలు చారలుగా దిగేది. ముందు ఆకాశం, తర్వాత కొండలు, చివరికి రాళ్ళు. ఇద్దరం కళ్ళప్పగించి కూర్చునేవాళ్ళం. కింద రాసింది ఆవిడ చదివి తెలుగులో చెప్పేవారు. వెళ్తూ ఒక ప్రింటు పట్టుకెళ్ళి తన గదిలో గోడకి అంటించుకునేవారు. దిగిన మూడో వారంలో స్పిరిట్ మాట్లాడడం మానేసింది. కొన్నాళ్ళు ఉలుకూ పలుకూ లేదు. మళ్ళీ పలికిందని చదివిన రోజు ఆవిడ పైటకొంగుతో కళ్ళొత్తుకున్నారు. నేను చూడనట్టు ప్రింటరు మూత తీసి అందులోకి తొంగిచూశాను.

ఆ వేసవిలో ఏలూరు సంబంధం ఒకటి కుదిరేలా వచ్చింది. తిరిగి తిరిగి తెచ్చింది వదినగారే. సిద్ధాంతిగారు జాతకం చూసి, దోషం పోయింది, భయం లేదన్నారట. కామేశ్వరిగారు ఆ సంగతి చెప్పినప్పుడు, "అయితే కుజుడు లొంగిపోయాడన్నమాట," అని నవ్వించాను. సరే, నవ్వించాను. మరి ఆ పూట నాకు అన్నం ఎందుకు సయించలేదు?

వారం తిరక్కుండానే పెళ్ళికొడుకు మేనమామ జాతకం జిరాక్సు తీయించుకోడానికి నా దగ్గరికే వచ్చాడు. జిరాక్సు వంక మాత్రమే, వచ్చింది ఆరా తీయడానికి.

"ఆ అమ్మాయి మీ కొట్టుకి వస్తూంటుందటగా. ఎలాంటిదండీ?" అన్నాడు.

బంగారం లాంటి మనిషండీ అంటే సరిపోయేది. నేను, "వారం తప్పరండీ. ప్రతి మంగళవారం వచ్చి కుజుడి ఫోటో పట్టుకెళతారు. గదిలో గోడంతా ఆయనే," అన్నాను.

ఆయన నవ్వలేదు. "మంగళవారమేనా?" అని అడిగాడు.

అప్పుడర్థమైంది నాకు. ఆయన బుర్రలో ఆ ఫోటోకి అప్పటికే పటం కట్టేశాడు, కుంకుమ పెట్టేశాడు, ఎర్రపూలు కూడా వేసేశాడు. దోషం పోలేదు కాబట్టే పిల్ల చాటుగా శాంతి చేసుకుంటోందని అనుకున్నాడు. అవి మరబండి తీసిన రాళ్ళ ఫోటోలండీ అని చెప్పడానికి ఎంతసేపు? కంప్యూటరు ఎదురుగానే ఉంది. అందులో ఫోటో కూడా ఉంది. "అవునండీ, మంగళవారమే," అన్నాను. నోరు జారిందని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. మొదటి మాట జారింది, నిజమే. రెండోది నేను చూసి చూసి అన్నాను.

సంబంధం తప్పిపోయింది. ఆ మంగళవారం ఆవిడ వచ్చారు. కూర్చోలేదు.

"మంగళవారం పూజలు చేస్తున్నానని వాళ్ళకెవరు చెప్పుంటారండీ? నా మంగళవారాల సంగతి తెలిసింది మీకూ, వదినకీ. మీరు కాదు కదా?"

"నేనైతే శనివారం అని చెప్పేవాణ్ణండీ. శనిగారికి ఉంగరాలు కూడా ఉన్నాయి, పెళ్ళికి పనికొస్తాయి."

ఆవిడ నవ్వేశారు. కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని మరీ నవ్వారు. "అయితే వదినే," అన్నారు, కళ్ళు తుడుచుకుంటూ.

"ఇంట్లోవాళ్ళ నోళ్ళు మనం కట్టలేం కదండీ," అన్నాను.

నెల్లాళ్ళలో కొల్లేటి వైపు ఏదో ఊరికి బదిలీ చేయించుకుని వెళ్ళిపోయారు. అన్నగారి గుమ్మం మళ్ళీ తొక్కలేదని విన్నాను. వదినగారు ఒకసారి నా కొట్టుకి వచ్చారు. "మీ మాటంటే దానికి గురి బాబూ. నేను ఎవరితోనూ ఏమీ అనలేదని ఒక్కసారి చెప్పండి," అన్నారు. అలాగేనండీ అన్నాను. చెప్పలేదు.

ప్రేమా అని మీరడగవచ్చు. అంత పెద్ద పేరు పెడితే నా తప్పు చిన్నదిగా కనబడుతుందేమో, పెట్టను. నాకు నా మంగళవారం పోకూడదు, అంతే. మూడు నెలల పనికని పంపిన స్పిరిట్ ఆరేళ్ళు పలికింది. ఇసుకలో కూరుకుపోయాక కూడా ఫోటోలు పంపింది. అన్నీ చూశాను. కింద రాసింది చదివిపెట్టే మనిషిని నేనే తరిమేశాను.

ఆవిడకే రాయొచ్చు కదా అంటారు. అడ్రసు కనుక్కోవడం పెద్ద పనేం కాదు. ఇంతవరకూ కనుక్కోలేదు. చదవగానే ఆవిడకి ముందు గుర్తొచ్చేది, ఆ రోజు నా ఎదురుగా నవ్విన నవ్వే. దాన్ని కూడా ఆవిడ దగ్గర్నుంచి లాక్కోవడానికి చేతులు రావు. ఇదీ సాకేనేమో. ఏది సాకో ఏది నిజమో నాకే తెలియకుండా పోయింది.

వదినగారు ఏమీ అనలేదు. అన్నది నేను. జోకు కలపకుండా ఈ మాట రాయడానికి నాలుగు కాయితాలు చింపాను. రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది. అంతకు మించి ఏమీ మారలేదు.