నవ్వు పెట్టని మాట

డ్రిల్లు మాస్టారు పోయారన్న కబురు నాకు ముక్తేశ్వరం రేవులో అందింది. గోదావరి దాటించే పంటు అవతలి ఒడ్డున ఉంది, మేం ఇవతల ఎండలో నిలబడి దానికోసం చూస్తున్నాం. రాజోలు నుంచి మా తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, మాస్టారు కాఫీ తాగి కుర్చీలో కూర్చున్నారంట. మళ్ళీ లేవలేదంట" అన్నాడు. కోటిపల్లిలో పని ఉండి బయల్దేరినదాన్ని, ఆ పని అక్కడే వదిలేసి వెనక్కి తిరిగి బస్సెక్కాను.

సమాధుల తోటలో పాస్టరుగారి ప్రార్థన అయ్యాక జనం గుంపులుగా నిలబడి ఆయన గురించి చెప్పుకున్నారు. హైస్కూల్లో ఆయన ఈల వింటే వణికిపోయేవాళ్ళమని కొందరు, క్రిస్మస్ నాటకంలో రాజు వేషం ఆయన తర్వాతే ఎవరైనా అని కొందరు. చివరికి మాట 'దొరగారి ఆకలి' మీదికి వెళ్ళింది. మా ఊరి లోకల్ కేబుల్లో ఆయన రాసి, ఆడి, ఆడించిన హాస్య ధారావాహిక అది, విడతకి కొన్ని భాగాల చొప్పున మూడు విడతలు వచ్చింది. "మొదటి రెండు విడతలూ పొట్ట చెక్కలయ్యేయండి. ఆ మూడోదే తేలిపోయింది. ఆఖర్న నవ్వే రాలేదు" అన్నాడొక పెద్దమనిషి. పక్కవాళ్ళందరూ ఆయ్, ఆయ్ అని తలూపారు.

చావు దగ్గర తగువెందుకని నోరు మూసుకున్నాను. కానీ ఒళ్ళు మండింది, ఇప్పటికీ చల్లారలేదు, అందుకే రాస్తున్నాను. ఆఖర్న నవ్వు రాలేదన్నది నిజం. రాకూడదనే ఆ మనిషి పోట్లాడారు. ఆ సంగతి తెలిసినవాళ్ళం ఇద్దరు ముగ్గురమే మిగిలాం.

అప్పుడు నేను కేబుల్ ఆఫీసులో పనిచేసేదాన్ని. చీరల కొట్ల ప్రకటనలు చదవడం, రెండు వీసీఆర్‌లు పక్కపక్కన పెట్టుకుని టేపులు అతకడం నా ఉద్యోగం. మాస్టారు రిటైరైనా ఈల జేబులోనే ఉండేది. షూటింగ్ మొదలెట్టడానికీ అదే, ఆపడానికీ అదే. ఎవరి నటనైనా నచ్చితే మెచ్చుకునేవారు కాదు. కుర్చీ కొంచెం ముందుకు జరుపుకునేవారు. ఆ కుర్చీ చప్పుడు కోసం మేమంతా చచ్చేవాళ్ళం.

మస్కట్ నుంచి ఎవరో తెచ్చిన వీడియో క్యాసెట్‌లో ఆయన ఒకసారి నెత్తురు తాగే తెల్ల పిశాచాన్ని చూశారు. పిలవందే అది గడప దాటలేదట, వెల్లుల్లి పడదట, ఎండ తగిలితే బూడిదైపోతుందట. ఆయన పడీ పడీ నవ్వి, "ఇది కోనసీమకొస్తే ఆకలికి చస్తుందమ్మా" అన్నారు. అదే కథ. దొరగారనే పిశాచం గోదావరి లంకలో పడవ దిగుతుంది. ఏ గుమ్మం ముందు నిలబడ్డా, "బయటే నిలబడిపోయేరేవండీ, రండి రండి" అని పిలుస్తారు. పిలిచాక వదలరు. కాఫీ అంటారు, మీదే ఊరు అంటారు, ఫలానావారు మీకేవవుతారు అంటారు. చుట్టరికం తేలేసరికి తెల్లారిపోతుంది. పోనీ అన్నం తిని పొమ్మంటే ఇంటింటా వెల్లుల్లి ఆవకాయే. పాపం దొరగారు మూడు విడతల్లోనూ ఒక్కరి నెత్తురూ తాగలేదు.

దొరగారి వేషం మాస్టారిదే. దొరగారి వెనకాలే గొడుగు పట్టుకు తిరిగే గుమాస్తా వేషం మా టైలరుది. మస్కట్‌లో కొన్నాళ్ళు పనిచేసి వచ్చి బస్టాండు పక్కన కొట్టు పెట్టుకున్నాడు. సన్నగా, ఇస్త్రీ మడత నలగకుండా ఉండేవాడు. పెళ్ళి చేసుకోలేదు. అక్కడ తనతో ఒకే గదిలో ఉన్న మనిషి గురించి అప్పుడప్పుడూ చెప్పేవాడు, ఆయన టీ ఎలా చల్లార్చుకునేవాడో, ఏ రంగు చొక్కా ఆయనకి నప్పేదో. పేరు మాత్రం చెప్పేవాడు కాదు, మేమూ అడగలేదు.

నవ్వుల సంగతి చెప్పాలి. మొదటి భాగాన్ని మాస్టారు స్కూలు వరండాలో మా వీధివాళ్ళందరికీ వేసి చూపించి, వాళ్ళు నవ్వుతుంటే టేప్‌రికార్డర్లో పట్టారు. బోరింగు కొట్టినట్టు కీచుమని నవ్వే ఒకావిడ నవ్వు అందులో అందరికీ తెలిసేది. ఆ తర్వాత ఏ భాగానికైనా నవ్వొచ్చే చోట ఆ క్యాసెట్టే వేసేదాన్ని.

రెండో విడతలో ఒకరోజు, అలిగి వానలోకి వెళ్ళిపోతున్న దొరగారిని గుమాస్తా "దొరగారండీ, గొడుగు!" అని ఆపాలి. టైలరు ఆ మాట మర్చిపోయాడు. నోటికొచ్చింది అనేశాడు. "ఏవండీ… గొడుగు."

మా వైపు అందరూ అందరికీ ఏవండీయే. కండక్టరూ ఏవండీ, పోస్టుమానూ ఏవండీ. కానీ వంటింటి గుమ్మంలోంచి, పేరు లేకుండా, కొంచెం సాగదీసి పిలిచే ఏవండీ ఒకటుంది. అది ఒక్కరికే. ఆ పిలుపు ఎవరిదో ఎవరికో ఏ ఇంట్లోనైనా చెప్పక్కర్లేదు. టైలరు నోట వచ్చింది అది. షూటింగ్ చూస్తున్నవాళ్ళు విరగబడి నవ్వారు. మాస్టారూ నవ్వారు, ఉంచేశారు, నవ్వుల క్యాసెట్టు పెట్టించారు. తర్వాతి ప్రతి భాగంలోనూ గుమాస్తా ఏవండీ అనాల్సిందే, క్యాసెట్టు నవ్వాల్సిందే.

ఊళ్ళో ఆ మాట టైలరుకి పేరైపోయింది. సైకిళ్ళ మీద పోతూ "ఏవండీ…" అని సాగదీసేవాళ్ళు. కొలతలివ్వడానికి వచ్చిన మగవాళ్ళు టేపు ఛాతీకి చుట్టగానే ఒకళ్ళనొకళ్ళు గిల్లుకుని "ఏవండీ, మెల్లిగా" అనేవాళ్ళు. తర్వాత రావడం మానేశారు. కొట్టు మూసేసి మళ్ళీ మస్కట్ వెళ్ళిపోతానని అతను మాస్టారితో చెప్పినప్పుడు నేను అక్కడే ఉన్నాను.

"ఆ మాట నేను పుట్టించలేదు తమ్ముడూ. దానికి నవ్వు అంటించింది మాత్రం నేనే. నేనే ఊడదీస్తాను, ఈ ఒక్క విడతకీ ఉండు" అన్నారు మాస్టారు.

మూడో విడత అలా పుట్టింది. ఈమధ్య పాత టేపులు తిరగేసి దాన్ని మళ్ళీ చూశాను. తేలిపోయిందన్నవాళ్ళు చూసింది ఏమిటో నాకు అర్థం కాలేదు. మొదటి రెండింట్లో గుమాస్తా ప్రేమ మనకి ఎగతాళి. మగవాడు మగవాణ్ణి ప్రేమిస్తే అది నవ్వడానికే అన్నట్టుంటుంది. మూడోదాంట్లో అతనికి కోపమొస్తుంది, అలుగుతాడు, దొరగారితో దీపం ఎవరు ఆర్పలేదని ఇంట్లో మనుషుల్లా దెబ్బలాడతాడు. ఒకచోట అడుగుతాడు: "ఊళ్ళో అందరి గుమ్మాలూ ఎక్కేరు కదండీ, నా నెత్తురు మాత్రం ఎందుకు తాగరండీ?" దొరగారు పక్కకి చూసి, "నువ్వు అయిపోతే నాకెవరున్నారు?" అంటారు. పిశాచం నోట అంతకంటే ప్రేమగల మాట ఏముంటుందో నాకు తెలీదు. జనానికి అది బోరు కొట్టింది.

లోటు లేదనను. ఆఖరి భాగంలో తెల్లారకముందే దొరగారు లంక విడిచి పడవెక్కుతారు. గుమాస్తా సంచీ పట్టుకుని రేవుకి వస్తాడు. "నువ్వెందుకు? జనం ఏవనుకుంటారు?" అంటే, "ఏవండీ… నేనూ వస్తానండి" అంటాడు. పడవ సాగిపోతుంది. టేపు అతుకుతూ నేనే అడిగాను. "వాళ్ళని పడవెందుకెక్కించేరు మాస్టారూ? ఊళ్ళోనే ఉంచొచ్చు కదా?" అని.

"ఉంచాలనే ఉందమ్మా. ఊరిని నమ్మే ధైర్యం నాకింకా చాల్లేదు" అన్నారు. ఆ జవాబు నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు.

ఆ ఒక్క మాట మళ్ళీ అనడానికి టైలరు ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. "నవ్వు లేకపోతేనే అంటానండి. దాని వెనకాల నవ్వు పడిందంటే ఆ పూటే బస్సెక్కేస్తాను. ఇంక ఈ ఊరి మొహం చూడను" అన్నాడు. మాస్టారు మాటిచ్చారు. షూటింగ్ నాడు అతను ఆ మాట అంటుంటే దొరగారి వేషంలో ఎదురుగా నిలబడ్డ మాస్టారు, కుర్చీ లేదు కాబట్టి, ఒక అడుగు ముందుకు జరిగారు. టేపులో చూడండి, కనిపిస్తుంది.

కేబుల్ యజమాని చెడ్డవాడేం కాదు, భయస్తుడు. ప్రసారానికి ముందు టేపు చూసి గతుక్కుమన్నాడు.

"మాస్టారండీ, ఇక్కడ నవ్వు మర్చిపోయేరు."

"మర్చిపోలేదండి. వద్దన్నాను."

"నవ్వొచ్చే చోట నవ్వు లేకపోతే టీవీ పాడైందనుకుంటారండీ. ఫోన్లు ఎత్తేది నేను."

"నవ్వొచ్చేదేవుందండి అందులో?"

"ఇద్దరు మగాళ్ళండీ…"

"ఆయ్. ఇద్దరు మగాళ్ళే. అయితే?"

యజమాని నావైపు చూశాడు, గుమ్మం వైపు చూశాడు, గొంతు తగ్గించాడు. "మీరర్థం చేసుకోటం లేదు. నవ్వు పెడితే కామెడీ అండి. పెట్టకపోతే నిజవనుకుంటారండి!"

"నేను చెప్పేదీ అదేనండి" అన్నారు మాస్టారు. తర్వాత నవ్వుల క్యాసెట్టు చేతిలోకి తీసుకున్నారు. గొంతు పెంచలేదు. స్కూల్లో నిజంగా కోపమొచ్చినప్పుడు కూడా ఆయన గొంతు ఇలాగే కిందికి దిగేది. "ఇందులో నవ్వినవాళ్ళు ఈ ముక్కకి నవ్వలేదండి. ఆవకాయ చూసి దొరగారు పారిపోతే నవ్వేరు. వాళ్ళెప్పుడో దేనికో నవ్విన నవ్వు తెచ్చి ఈ మనిషి నెత్తిన పొయ్యడం తప్పు కాదా? నవ్వితే రేపు వాళ్ళే నవ్వుతారు. వాళ్ళ తరఫున మనం నవ్వద్దు."

యజమాని ఏమీ తేల్చలేదు. "చూద్దాం లెండి" అని టేపూ క్యాసెట్టూ రెండూ పట్టుకుని లోపలికి వెళ్ళిపోయాడు. మా వైపు చూద్దాం లెండి అంటే నూటికి తొంభై పాళ్ళు కాదనే. అడ్డం పడి లాక్కోవాలనిపించింది, కానీ ఆ టేపు యజమానిది, ఆ ఉద్యోగం నాది. మాస్టారు మాత్రం "ఆయన పిరికివాడమ్మా. పిరికివాళ్ళు ఒక్కోసారి ఏదీ చెయ్యలేక మంచి చేసేస్తారు" అన్నారు. నాకు నవ్వు రాలేదు.

ప్రసారం దీపాలు పెట్టే వేళకి. టైలరు అప్పటికే మాస్టారింటి పెరటి మెట్టు మీద కూర్చుని ఉన్నాడు, పక్కన సర్దుకున్న బ్యాగు. కొట్టు తాళంచెవి మాస్టారి బల్ల మీద పెట్టేశాడు. లోపల టీవీ పెడతానంటే వద్దన్నాడు. "చూళ్ళేనండి. మీరు విని చెప్పండి" అన్నాడు.

"పదమ్మా, వీధిలో విందాం" అన్నారు మాస్టారు.

అప్పుడు మా వీధిలో ప్రతి ఇంటి టీవీ పక్కింటికి వినబడేది. ఆఖరి భాగమని అందరూ అదే పెట్టుకున్నారు. మేమిద్దరం మెల్లిగా నడుస్తుంటే ఒక కిటికీలో మొదలైన మాట ఇంకో కిటికీలో పూర్తయ్యేది. మొదట్లో వెల్లుల్లి జోకుకి క్యాసెట్టు నవ్వింది. బోరింగావిడ కీచుమంది. ఆ నవ్వు వీధంతా ఒక్కసారే వినబడింది. మాస్టారు తల వంచుకుని నడుస్తున్నారు. రేవు సీను వచ్చింది. తెడ్డు చప్పుడు. "జనం ఏవనుకుంటారు?" అని ఆయన గొంతే ఇళ్ళల్లోంచి మా మీదికి వచ్చింది. మాస్టారు ఆగిపోయారు. నేను ఆయన చొక్కా చెయ్యి పట్టుకున్నాను.

"ఏవండీ… నేనూ వస్తానండి."

ఏమీ లేదు. క్యాసెట్టు లేదు. యజమాని ఎందుకు మనసు మార్చుకున్నాడో నాకు ఈ రోజుకీ చెప్పలేదు. నీళ్ళ చప్పుడు మాత్రం అన్ని కిటికీల్లోంచీ వస్తోంది.

అప్పుడు, మేం నిలబడ్డ ఇంట్లోనే, ఒక మగపిల్లాడు గట్టిగా పకపకా నవ్వాడు. సొంత నవ్వు. మాస్టారు కళ్ళు మూసుకున్నారు. వెంటనే ఒకావిడ గొంతు కసిరింది. ఆ గొంతు వినబడగానే నవ్వు ఆగిపోయింది.

మేం వెనక్కి వచ్చేసరికి టైలరు లేచి నిలబడి ఉన్నాడు.

"నవ్వేరాండీ?"

"టీవీలో లేదు తమ్ముడూ. ఊళ్ళో ఒకడు నవ్వేడు."

అతను వంగి బ్యాగు అందుకున్నాడు.

"ఉండు. వాళ్ళమ్మ ఊరుకోలేదు, కసిరింది."

"ఏవనండి?"

మాస్టారు భుజం మీది కండువా పైటలా లాక్కున్నారు, నడుం మీద చెయ్యేసుకున్నారు, ఆవిడ గొంతుతోనే అన్నారు: "ఊరుకోరా! పాపం వాళ్ళిద్దరూ ఏదో మాట్టాడుకుంటన్నారు, విననీ."

టైలరు బ్యాగు పట్టుకునే నిలబడ్డాడు. "ఇంకోసారి అనండి మాస్టారండీ" అన్నాడు.

మాస్టారు మళ్ళీ అన్నారు. అతను బ్యాగు కింద పెట్టి మెట్టు మీద కూర్చున్నాడు. మొహం చేతుల్లో పెట్టుకుని, తలెత్తకుండానే, ఇంకోసారి అన్నట్టు వేలు చూపించాడు. ఆ పెరట్లో పైట సవరించుకుంటూ, వేలు ఆడిస్తూ, అతను చాలన్నదాకా మాస్టారు ఆ తల్లిలా కసురుతూనే ఉన్నారు.