తిరగలికి రొట్టె

ఈ ఉదయం సూరత్‌లో, పర్వత్ పాటియా దగ్గర బస్సెక్కిన మనిషి నా పక్కన కూర్చోగానే మగ్గం నూనె వాసన గుప్పుమంది. రాజేశం సార్ గుర్తొచ్చారు. సార్ అంటే బడిపంతులు కాదు. మా నాన్నతో పాటు కార్ఖానాలో మగ్గాలు నడిపేవారు. ఆదివారం మా గల్లీలో పరీక్షలకు చదివేవాళ్లను డాబా మీద కూర్చోబెట్టి రీజనింగ్ చెప్పేవారు. తాను మాత్రం గుమాస్తా పరీక్ష నాలుగుసార్లు తప్పారు. తర్వాత వయసు దాటిపోయింది.

నాకూ అప్పటికి మిగిలింది ఒక్క అవకాశమే. అది పోతే అమ్మలాగే చీరలకు రాళ్లు అంటించుకుంటూ బతకాలి. లెక్కలు బాగానే వచ్చేవి. అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు, పోలికల ప్రశ్నలు నన్ను ముంచేవి. అందులో తెలియని మాట ఒక్కటీ ఉండదు, అయినా తప్పేదాన్ని. ఎందుకో అర్థంకాక ఏడుపొచ్చేది.

ఒక ఆదివారం సార్ ఇచ్చిన ప్రశ్న ఇది: మగ్గానికి బట్ట అయితే, తిరగలికి ఏది? పిండి, రొట్టె, గోధుమలు, పెనం. నేను ధీమాగా రొట్టె అని పెట్టాను. మగ్గం మీంచి దిగేది బట్ట కాదు కదా, గ్రే అనే ముడి సరుకు. అది మిల్లుకెళ్లి రంగు పడితేగాని మా సూరత్‌లో ఎవరూ దాన్ని బట్ట అనరు. తిరగలి పిండి కూడా పెనం మీద కాలితేనే రొట్టె అవుతుంది. రెండుచోట్లా మధ్యలో ఇంకో పని ఉంది.

"గిదేంది బిడ్డా, రొట్టె ఎందుకు పెట్టినవ్?" అన్నారు సార్. చెప్పాను. ఆయన తల గోక్కున్నారు.

"నేను గూడ గిట్లనే పెట్టేటోన్ని. గందుకే నాలుగుసార్లు పోయింది. జర ఇను. మాటలు అల్కగనే ఉంటయ్. రెంటి నడుమ సంబంధమే కిరికిరి. పది దొర్కుతయ్. పేపర్ తీసినోని దిమాగ్‌ల ఏదున్నదో గదే పట్టాలె. వాడు ఎన్నడన్న మగ్గం చూసిండా? మగ్గం బట్ట నేస్తది, తిరగలి పిండి ఇసుర్తది. వానికి గంతే ఎర్క."

"మరి నాది తప్పా సార్?"

"తప్పు గాదు. మార్కు రాదు."

ఒళ్లు మండింది. కానీ వేరే దారి లేదు, నేర్చుకున్నాను.

అసలు పరీక్షలో వచ్చింది: రాత్రికి నిద్ర అయితే, పగటికి ఏది? చెయ్యి ఆగిపోయింది. సగం గల్లీ పగలే పడుకునేది. ఆ వారం సార్‌కు నైట్ షిఫ్టు, సరిగ్గా ఆ గంటకు ఆయన నిద్రలో ఉన్నారు. గుండె గట్టి చేసుకుని 'పని' అని గుర్తు పెట్టాను.

పాసయ్యానని తెలిసిన మధ్యాహ్నం పరుగెత్తుకెళ్లి ఆయన్ను లేపాను. ఆ ప్రశ్నా చెప్పాను. "ఏం పెట్టినవ్?" అన్నారు కళ్లు నులుముకుంటూ. పని అన్నాను. "శభాష్ బిడ్డా! గట్లుండాలె" అని నవ్వి, మళ్లీ పడుకోవడానికి లోపలికి వెళ్లారు. ఆ నవ్వుకు నాకు సంతోషం కంటే సిగ్గే ఎక్కువ వేసింది.

ఇప్పుడు నేను గుమాస్తాగా కూర్చునే కౌంటర్ ముందుకు మగ్గం మనుషులు దరఖాస్తులతో వస్తారు. సగం గడులు తప్పుల తడకే. వరుస విసుక్కుంటుంది, సాయంత్రానికి నాకూ ఓపిక అడుగంటుతుంది. అయినా తప్పని కొట్టేసే ముందు ప్రతి ఒక్కరినీ అడుగుతాను, అలా ఎందుకు రాశారని.